అపాచీ పాస్‌కు కాలినడకన: ఫోర్ట్ బూయీని చూసి రావడం, చెక్కుచెదరకుండా వదిలి రావడం

అరిజోనాలోని టూసాన్ నుంచి ఐ-10 మీద తూర్పుగా వెళ్ళే మనవాళ్ళు చాలామంది విల్‌కాక్స్‌లో గ్యాస్ కొట్టించుకుని, కాఫీ తాగి, న్యూమెక్సికో వైపు సాగిపోతారు. ఆ హైవేకు దక్షిణాన, రెండు కొండల వరుసల మధ్య, ఒక కనుమ ఉంది. పేరు అపాచీ పాస్. పాతికేళ్ళ పాటు అమెరికా సైన్యానికీ ఇక్కడి ఆదివాసీ తెగ చిరికావా అపాచీలకూ నడిచిన పోరు చాలావరకు దీని చుట్టూనే తిరిగింది. ఇప్పుడక్కడ ఫోర్ట్ బూయీ నేషనల్ హిస్టారిక్ సైట్ ఉంది. ఇంగ్లిషు అక్షరాలు చూసి బౌవీ అనుకుంటాం కానీ అక్కడివాళ్ళు బూయీ అంటారు.

కోట దాకా కారు వెళ్ళదు. రోడ్డు పక్కన కారు ఆపి ఒకటిన్నర మైళ్ళు నడవాలి, మళ్ళీ అంతే దూరం వెనక్కి రావాలి. ప్రవేశ రుసుము లేదు. ఈ నడక పెట్టడమే ఆ స్థలానికి జరిగిన పెద్ద మేలని నా అభిప్రాయం. గుమ్మం దాకా తారురోడ్డు వేసి ఉంటే ఈపాటికి ఆ మట్టిగోడలు ఏమైపోయేవో!

మొదటిసారి నేను ఏమీ చదువుకోకుండా, జూన్ నెలలో, మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. మొండిగోడలు, చిన్న శ్మశానం, సన్నటి నీటి ఊట కనిపించాయి. "దీనికోసమా ఇంత దూరం తీసుకొచ్చారు?" అని వెంట వచ్చినవాళ్ళు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రెండోసారి కాస్త తయారై వెళ్ళాను. ఆ తయారీ ఎలాగో వరుసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఇంట్లో ఉండగానే నీళ్ళ కథ తెలుసుకోండి

ఉత్తరాన డోస్ కబేసాస్ కొండలు, దక్షిణాన చిరికావా కొండలు. ఈ రెంటి నడుమ భూమి లోపల ఒక పగులు ఉంది. ఆ పగులు వెంబడి నీరు పైకి ఉబికి వచ్చే చోటే అపాచీ స్ప్రింగ్. చుట్టూ ఎడారి. ఏ దారిన పోయేవాడికైనా తర్వాతి నీటి చుక్క దొరకాలంటే చాలా దూరం పోవాలి. ఎవరు వచ్చినా ఈ ఊట కోసమే వచ్చారు, ఎవరు చచ్చినా ఈ ఊట దగ్గరే చచ్చారు. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా కథంతా దానంతటదే అర్థమవుతుంది.

1858లో బటర్‌ఫీల్డ్ వాళ్ళ మెయిల్ కోచ్ సర్వీసు మొదలైంది. మిస్సోరి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 25 రోజుల్లో ఉత్తరాలు చేర్చాలని ఒప్పందం. గుర్రాలకు నీళ్ళు కావాలి కదా, ఊటకు దగ్గర్లో రాతిగోడలతో ఒక స్టేషన్ కట్టారు. అపాచీ నాయకుడు కోచీస్‌కూ వాళ్ళకూ రెండు మూడేళ్ళు పెద్ద గొడవలేమీ లేవు.

1861 జనవరి చివర్లో పడమటి వైపు ఒక రాంచ్ మీద దాడి జరిగింది. దాడి చేసినవాళ్ళు పశువులతో పాటు ఫీలిక్స్ అనే పిల్లవాణ్ణి కూడా పట్టుకుపోయారు. ఇది కోచీస్ పనే అనుకుని లెఫ్టినెంట్ జార్జ్ బాస్కమ్ 54 మంది సైనికులతో అపాచీ పాస్‌కు వచ్చాడు. మాట్లాడదామని కబురు పెడితే కోచీస్ తమ్ముణ్ణీ, భార్యాపిల్లలనూ, మరికొందరు బంధువులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. యుద్ధానికి వచ్చేవాడు పెళ్ళాంబిడ్డలతో రాడు కదా! పిల్లవాణ్ణి తీసుకెళ్ళింది వేరే తెగవాళ్ళనీ, వెతికి తెప్పిస్తాననీ చెప్పాడు. బాస్కమ్ నమ్మలేదు, డేరా చుట్టూ సైనికులను నిలబెట్టాడు. కోచీస్ కత్తితో డేరా గుడ్డ చీల్చుకుని కొండెక్కి తప్పించుకున్నాడు. అపాచీలు ఈ సంఘటనను ఇప్పటికీ 'డేరా కోసిన రోజు' అన్న అర్థం వచ్చేలా చెప్పుకుంటారు.

సైన్యానికి చిక్కిన తనవాళ్ళను విడిపించుకోవడానికి కోచీస్ కూడా కొందరిని పట్టుకున్నాడు. స్టేషన్ ఉద్యోగి జేమ్స్ వాలెస్ వాళ్ళలో ఒకడు. బేరం కుదరలేదు. కోచీస్ తన దగ్గర ఉన్నవాళ్ళను చంపేశాడు. ఫిబ్రవరి 19న సైన్యం కోచీస్ తమ్ముడు కోయున్‌తూరాతో కలిపి ఆరుగురు అపాచీలను ఉరి తీసింది, భార్యనూ పిల్లలనూ మాత్రం వదిలేసింది. పదకొండేళ్ళ యుద్ధం అక్కడ రాజుకుంది.

మరుసటి ఏడు అసలు పోరు. 1862 జూలై 15న కాలిఫోర్నియా వాలంటీర్ల దళం ఒకటి, ఎక్కువగా కాల్బలం, కొద్దిమంది అశ్వికులు, రెండు చిన్న హోవిట్జర్ ఫిరంగులు, కెప్టెన్ థామస్ రాబర్ట్స్ ఆధ్వర్యంలో కనుమలోకి వచ్చింది. ఎండలో దాదాపు నలభై మైళ్ళు నడిచి నాలుకలు పిడచగట్టుకుపోయి వచ్చినవాళ్ళు. కోచీస్, ఆయన మామ మాంగస్ కొలరాడాస్ మనుషులు ముందు స్టేషన్ దగ్గర కాల్పులు జరిపారు, ఆ తర్వాత ఊటకు పైనున్న కొండల మీద రాళ్ళ చాటున మాటు వేశారు. ఊట కళ్ళెదుటే ఉంది, అందదు. చివరికి ఫిరంగి గుండ్లు కొండల మీద పేలాకే సైనికులు నీళ్ళు తాగగలిగారు. మర్నాడు మళ్ళీ అదే తంతు. సైన్యం వైపు ఇద్దరు చనిపోయారు. వెనక్కి కబురు తీసుకెళ్తున్న అశ్వికుల్లో జాన్ టీల్ అనేవాడు గుంపు నుంచి విడిపోయి, ఒంటరిగా కాల్పులు జరిపి మాంగస్‌ను గాయపరిచాడు. రెండు వారాలు తిరక్కుండా, జూలై 28న, ఊట మీద కన్నేసి ఉంచేందుకు కొండ మీద కోట మొదలుపెట్టారు. అదే ఫోర్ట్ బూయీ. 1868లో దానికి ఆగ్నేయంగా చదునైన చోట రెండో కోట, పెద్దది, కట్టారు.

ఇంకా రెండు తేదీలు గుర్తుంచుకోండి. 1872లో జనరల్ హోవర్డ్, కోచీస్ ఒప్పందానికి వచ్చారు. చిరికావాలకు వాళ్ళ సొంత నేల మీదే రిజర్వేషన్, అంటే తెగకు కేటాయించిన భూభాగం, దక్కింది, కానీ కోచీస్ పోయిన రెండేళ్ళకే, 1876లో, దాన్ని రద్దు చేసేశారు. 1886 సెప్టెంబర్‌లో అపాచీ యోధుడు జెరానిమో లొంగిపోయాక ఆయన్నీ, కోచీస్ కొడుకు నాయ్‌చేనూ ఈ కోటకే తెచ్చారు. ఇక్కడి పెరేడ్ మైదానం నుంచే బండ్లెక్కించి రైలుకు, రైల్లో ఫ్లోరిడాకు పంపారు.

రెండో మెట్టు: నెల, సమయం చూసుకోండి

అక్టోబర్, నవంబర్, మళ్ళీ మార్చి, ఏప్రిల్ హాయిగా ఉంటాయి. స్థలం సుమారు 5,000 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఫీనిక్స్ అంత మండదు, కానీ జూన్‌లో నీడ లేని దారి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వర్షాలు, మధ్యాహ్నం దాటగానే ఉరుములు, పిడుగులు. పొడిగా కనిపించే వాగులోకి ఎక్కడో కొండ మీద పడిన వాన పావుగంటలో వచ్చి పడుతుంది. ఆ నెలల్లో వెళ్ళాలంటే తెల్లవారి మొదలుపెట్టి పదకొండుకల్లా కారు దగ్గరికి వచ్చేయాలి. చలికాలంలో అప్పుడప్పుడూ మంచు కూడా పడుతుంది. ఆ కాలంలో వెళ్తే విల్‌కాక్స్ చుట్టుపక్కల పొలాల్లో వేల కొద్దీ శాండ్‌హిల్ కొంగలు దిగుతాయి, అది మీకు బోనస్.

అరిజోనా గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు మార్చదు. వేసవిలో న్యూమెక్సికో వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఇక్కడ గంట వెనకగా ఉంటుంది. విజిటర్ సెంటర్ రోజులూ వేళలూ మారుతుంటాయి, బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ పేజీ ఒకసారి చూడండి.

మూడో మెట్టు: దారి, సామాను, కాగితాలు

ఫీనిక్స్ నుంచి విల్‌కాక్స్‌కు దాదాపు 200 మైళ్ళు, టూసాన్ నుంచి 80. విల్‌కాక్స్‌లో 186వ నంబరు రోడ్డు పట్టుకుని ఆగ్నేయంగా ఇరవై మైళ్ళు పైగా వెళ్తే ఎడమవైపు అపాచీ పాస్ రోడ్డు వస్తుంది. అక్కడి నుంచి మట్టిరోడ్డు. మామూలు కారు పోతుంది కానీ వాన పడ్డ మర్నాడు వద్దు. రెండో దారి, బూయీ అనే చిన్న ఊరి నుంచి దక్షిణంగా సుమారు 13 మైళ్ళు. మ్యాప్‌లో 'విజిటర్ సెంటర్' కాకుండా 'ట్రెయిల్‌హెడ్' (నడకదారి మొదలయ్యే చోటు) అని వెతకండి. నడవలేని పెద్దవాళ్ళు ఉంటే ముందుగా పార్కు ఆఫీసుకు ఫోన్ చేసి అడగాలి, వాళ్ళ కోసం వెనకవైపు నుంచి వేరే దారి ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు ఈ ఫోన్ మాత్రం మర్చిపోవద్దు.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు. ఊట ఉంది కదా అని దాని నీళ్ళు తాగే ఆలోచన పెట్టుకోకండి, అవి జంతువుల కోసం. టోపీ, కాలు మొత్తం కప్పే ప్యాంటు, గట్టి బూట్లు. రాటిల్‌స్నేక్‌లు ఉంటాయి. రాతి మీద చెయ్యి పెట్టే ముందు, దుంగ దాటే ముందు చూసుకోవాలి. పులిహోరో పెరుగన్నమో కట్టుకెళ్తే ట్రెయిల్‌హెడ్ దగ్గరే కానిచ్చేయండి. దారిలో పడిన మెతుకులు ఎలుకలను రప్పిస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి.

సెల్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంకొకటి: ఇది సరిహద్దుకు దగ్గరి ప్రాంతం. బోర్డర్ పెట్రోల్ వాళ్ళు రోడ్ల మీద ఆపి అడగడం ఇక్కడ మామూలే. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు కార్డు, వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టు, ఐ-94 దగ్గర పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

కోటలో బస చేయడానికి లేదు. రాత్రి ఉండాలంటే దగ్గర్లోని చిరికావా నేషనల్ మాన్యుమెంట్‌లో క్యాంప్‌గ్రౌండ్ ఉంది. రెండూ కలిపి వారాంతానికి సరిపోతాయి.

నాలుగో మెట్టు: దారిని చదువుతూ నడవండి

ఈ సైట్‌లో చూడాల్సిందంతా కోట దగ్గరే ఉందనుకోవడం పొరపాటు. సగం కథ దారిలోనే అయిపోతుంది. పాత మెయిల్ కోచ్ బండ్ల దారి జాడ కనిపిస్తుంది, స్టేషన్ రాతి పునాదులు కనిపిస్తాయి. అక్కడ నిలబడి ఊట ఉన్న దిక్కు చూడండి. అర మైలు కూడా ఉండదు. 1862లో ఆ కొంచెం దూరం దాటడానికి ఒక దళానికి మధ్యాహ్నమంతా పట్టింది.

శ్మశానం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. సైనికుల అవశేషాలను కోట మూసేశాక శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలించారు. మిగిలిన సమాధుల్లో ఒకటి జెరానిమో కొడుకుది. రెండేళ్ళ పసివాడు, 1885లో ఈ కోటలో బందీగా ఉండగా పోయాడు. 'లిటిల్ రోబ్' అని సైనికులు పెట్టుకున్న పేరు. నాణేలు, బొమ్మలు పెట్టాలని మనసు లాగుతుంది, పెట్టకండి. ఏది అప్పటిదో ఏది నిన్న ఎవరో పెట్టిపోయిందో తేడా తెలియకుండా పోతుంది.

దారిలో అపాచీల కర్రల గుడిసె నమూనా ఒకటుంది, రిజర్వేషన్ రోజుల నాటి ఏజెన్సీ (దాన్ని నడిపిన ప్రభుత్వ కార్యాలయం) కట్టడం శిథిలాలున్నాయి. ఆ తర్వాత చెట్ల నీడలో ఊట. చప్పుడు చేయకుండా ఐదు నిమిషాలు కూర్చుంటే నీటి శబ్దం వినిపిస్తుంది. పైకి చూస్తే రెండు వైపులా కొండలు. ఎవరు ఎక్కడి నుంచి కాల్చి ఉంటారో బోర్డు చదవకుండానే తెలిసిపోతుంది. మొదటి కోటకు పక్కదారి ఉంది, చాలామంది వదిలేస్తారు. ఓపిక ఉంటే వెళ్ళండి. ఊట మీద కోట ఎలా కన్నేసి ఉంచిందో అక్కడే అర్థమవుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు అదే దారిన కాకుండా ఓవర్‌లుక్ రిడ్జ్ మీదుగా రండి. మొదట్లో కొంచెం ఎక్కుడు, అంతే. పై నుంచి మొత్తం కనుమ, కోట, బండ్ల దారి ఒక్క చూపులో పడతాయి. నాకైతే ఆ ఒక్క చూపు కోసమే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది.

ఐదో మెట్టు: యుద్ధభూమిని అడగాల్సిన ఐదు ప్రశ్నలు

యుద్ధభూములను అధ్యయనం చేసేవాళ్ళు నేలను ఒక పద్ధతి ప్రకారం చూస్తారు. సైన్యంలో వాడే ఆ పద్ధతినే అమెరికా యుద్ధభూముల రక్షణ కార్యక్రమం కూడా తీసుకుంది. మాటలు బరువుగా ఉంటాయి కానీ విషయం తేలిక. ఏ చోటు చేతిలో ఉంటే గెలుపు చేతిలో ఉన్నట్టు? ఎక్కడి నుంచి ఎంత దూరం కనిపిస్తుంది, ఎంత దూరం గుండు పోతుంది? దాక్కోవడానికి ఏముంది? ఏది అడ్డం? ఎటు నుంచి రావచ్చు, ఎటు పోవచ్చు?

ఊట దగ్గర నిలబడి ఇవే అడగండి. మొదటిదానికి జవాబు మీ కాళ్ళ దగ్గరే ఉంది. రెండు, మూడు ప్రశ్నలకు కొండల మీది రాళ్ళు జవాబు చెబుతాయి. అడ్డం అంటే ఇక్కడ గోడో వాగో కాదు, దాహం. ఇక ఐదోది, సైనికులకు ఒకటే దారి, అదీ అందరికీ తెలిసిన దారి. అపాచీలకు ప్రతి సందూ దారే. తుపాకీతో తుపాకీని ఎదుర్కొంటే అటు ఇటు సమానంగా ఉండేదేమో, ఫిరంగి వచ్చి ఆ లెక్క మార్చింది. పిల్లలతో వెళ్తే ఇద్దరిని కొండ వైపు, ఇద్దరిని ఊట వైపు ఊహించుకోమనండి. చరిత్ర పాఠం అనకుండానే చెప్పినట్టవుతుంది. ఊహించుకోమనడమే సుమా, కొండెక్కించవద్దు. దారి దిగకూడదు.

ఆరో మెట్టు: కింద ఏం కనిపించినా తీయకండి

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. "ముట్టుకోవద్దు" అని బోర్డు మీద రాస్తే ఎవరూ వినరు, ఎందుకో తెలిస్తే వింటారు.

1862 నాటి తుపాకుల్లో ఎక్కువ భాగం గొట్టం మూతి నుంచి మందు కూరేవి. అవి పేలడానికి శనగగింజంత రాగి టోపీ ఒకటి పెట్టేవాళ్ళు. కాల్చాక అది కాల్చినవాడి కాళ్ళ దగ్గర పడుతుంది. సీసపు గుండు మాత్రం ఎదుటివాడున్న చోట పడుతుంది. అంటే టోపీ చెప్పేది కాల్చినవాడు నిలబడ్డ చోటు, గుండు చెప్పేది కాల్చబడినవాడున్న చోటు. ఫిరంగి గుండు పెంకులు ఎటు చెదిరాయో చూస్తే ఫిరంగి ఎక్కడ నిలిపారో తెలుస్తుంది. ఆ టోపీని మీరు తీసి జేబులో వేసుకున్నారనుకోండి, మీ దగ్గర మిగిలేది పనికిరాని రాగిముక్క, నేల మీద మిగిలేది చిరిగిన పేజీ.

ఇది ఉత్త మాట కాదు. మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో గడ్డి తగలబడి నేల బయటపడింది. మరుసటి ఏడు పురావస్తు నిపుణులు మెటల్ డిటెక్టర్లతో వరుసల ప్రకారం నడిచి, దొరికిన ప్రతి ముక్క స్థానాన్నీ కొలిచి రాసుకున్నారు. తూటా తొడుగు మీద ఒక్కో తుపాకీ ఒక్కోరకం గాటు పెడుతుంది. ఆ గాట్లు పోల్చి ఒక్కొక్క తుపాకీ మైదానంలో ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో తేల్చారు. న్యూమెక్సికోలో 1880 ఏప్రిల్‌లో అపాచీ నాయకుడు విక్టోరియో మనుషులకూ అమెరికా సైన్యపు తొమ్మిదో అశ్విక దళానికీ హెంబ్రియో లోయలో జరిగిన పోరు కథ కూడా ఇలాగే నేల మీది తూటాల ద్వారా మళ్ళీ వెలికి వచ్చింది. ఆ లోయ వైట్ శాండ్స్ క్షిపణి పరీక్షా స్థలంలో ఉంది, సామాన్యులకు ప్రవేశం లేదు. ఏరుకుపోయేవాళ్ళు లేరు కాబట్టే అంత మిగిలిందని నేననుకుంటాను.

చట్టం సంగతికి వస్తే, నేషనల్ పార్క్ సర్వీస్ స్థలాల్లో మెటల్ డిటెక్టర్ వాడకం నిషిద్ధం, డ్రోన్ కూడా. ఫెడరల్ భూమిలో నూరేళ్ళు దాటిన పురావస్తువును అనుమతి లేకుండా తీస్తే 1979 నాటి చట్టం ప్రకారం మొదటి తప్పుకే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. నష్టం విలువ 500 డాలర్లు దాటితే అవి రెట్టింపు. వీసా మీద ఉన్నవాళ్ళకు ఫెడరల్ కేసు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

మరి నిజంగానే ఏదైనా కనిపిస్తే? కదపకుండా, ఉన్నది ఉన్నట్టు ఒక ఫోటో తీయండి. పక్కన నాణెం పెడితే సైజు తెలుస్తుంది (నాణెం తిరిగి తీసుకోండి). వెనక కొండో చెట్టో కనిపించేలా ఇంకో ఫోటో. విజిటర్ సెంటర్‌లో రేంజర్‌కు చూపించండి. సోషల్ మీడియాలో పెట్టకండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ ఉంటే ఫోటోలోనే అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. దాన్ని చూసి ఎవడో డిటెక్టర్ పట్టుకుని రాత్రివేళ వస్తాడు.

ఏడో మెట్టు: మట్టిగోడల దగ్గర మర్యాద

రెండో కోటలో బాగా నడిచిన రోజుల్లో దాదాపు 38 కట్టడాలు ఉండేవి. బ్యారక్స్, గుర్రపుశాలలు, ఆసుపత్రి, కమాండర్ ఇల్లు. చాలా గోడలు పచ్చి ఇటుకతో కట్టినవి, అక్కడివాళ్ళు అడోబీ అంటారు. బంకమట్టి, ఇసుక, గడ్డి కలిపి తొక్కి, అచ్చులో పోసి, ఎండబెట్టి కట్టడం. మన పల్లెల్లో మట్టి మిద్దెలు చూసినవాళ్ళకు పాఠం అక్కర్లేదు. మట్టిగోడకు నెత్తిన కప్పు ఉండాలి, ఒంటికి అలుకు ఉండాలి. ఏటా పండగ ముందు అలికేది అందం కోసం మాత్రమే కాదు.

1894 అక్టోబర్‌లో సైన్యం వెళ్ళిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు దూలాలు, తలుపులు, కిటికీలు, రేకులు పట్టుకుపోయారు. తప్పు పట్టలేం, కలప దొరకని ఎడారి అది. కప్పు పోయాక వాన పైనుంచి దిగింది. కింద నుంచి చెమ్మ ఎక్కింది. చెమ్మతో పాటు ఎక్కిన ఉప్పు ఆరినప్పుడల్లా గోడ మొదట్లో మట్టిని పొడిపొడిగా రాలుస్తుంది. మొదలు కోసుకుపోయిన గోడ ఒకరోజు దానంతటదే ఒరిగిపోతుంది. నీటి కోసం కట్టిన కోటను నీరే తింటోంది.

సిమెంటు పూస్తే సరిపోదా అనిపిస్తుంది. లోపలి చెమ్మను బయటికి పోనివ్వకుండా సిమెంటు పట్టేస్తుంది, పైకి నున్నగా కనిపిస్తూ లోపల మట్టి బురదై జారిపోతుంది. అందుకే మట్టికి మట్టి, లేదా సున్నం. ఈ పూత తాను అరిగిపోతూ లోపలి గోడను కాపాడుతుంది, అరిగినప్పుడల్లా మళ్ళీ పూయాలి. ఫోర్ట్ బూయీలో మీకు కనిపించే నున్నటి పైపొర అలాంటి పూతే, 1868 నాటి ఇటుక దాని లోపల దాక్కుని ఉంది.

కాబట్టి గోడకు ఆనుకోవద్దు, మీద కూర్చోవద్దు, ఫోటో కోసం చెయ్యి వేయొద్దు. వీపున ఉన్న బ్యాగు తగలకుండా తిరగండి. బ్యాగు రాపిడి చాలా మందికి తెలియదు, పదిమంది అదే మూల దగ్గర తిరిగితే పూత లేచిపోతుంది. గడ్డి మొలిచిన దిబ్బలు ఎక్కడానికి బాగుంటాయి కానీ వాటిలో కొన్ని కూలిన గోడలే. వాన పడి ఆగిన వెంటనే గోడల దగ్గరికి వెళ్ళకపోవడం మంచిది, తడిసిన గోడ ఎప్పుడు కూలుతుందో చెప్పలేం.

ఎనిమిదో మెట్టు: ఏటా ఒకే ఫోటో

పూతలూ పునాదులూ నిపుణుల పని. మామూలు సందర్శకుడు చేయగలిగిన నిజమైన సాయం ఒకటుంది, ఒకే చోటు నుంచి ఏటా ఒకే ఫోటో తీయడం. దారి దిగకుండా నిలబడగలిగే చోటు ఎంచుకోండి, బోర్డు పక్కనో బెంచీ పక్కనో అయితే మళ్ళీ దొరుకుతుంది. ఫ్రేములో కదలని రాయో కొండ శిఖరమో ఉండాలి. జూమ్ వాడకండి. అదే నెల, దాదాపు అదే వేళ, ఎందుకంటే నీడ మారితే పగులు కనిపించదు. తేదీ రాసి పెట్టుకోండి. వానాకాలం ముందు ఒకటి, తర్వాత ఒకటి తీయగలిగితే మరీ మంచిది. కొత్త పగులు, గోడ మొదట్లో కొత్త కోత, ఎవరైనా తవ్విన గుంట కనిపిస్తే పార్కువాళ్ళకు పంపండి.

ఇంకా చేయాలనుంటే పార్క్ సర్వీస్‌లో వాలంటీర్లను తీసుకుంటారు. అరిజోనాలో సైట్ స్టీవార్డ్ కార్యక్రమం ఉంది, శిక్షణ ఇచ్చి ఒక్కొక్కరికి కొన్ని పురాతన స్థలాలు అప్పగిస్తారు, అప్పుడప్పుడూ వెళ్ళి చూసి రిపోర్టు ఇవ్వాలి. వీసా ఏదో ముందే చెప్పి, తమకు వీలవుతుందో లేదో అడిగి చేరండి.

తొమ్మిదో మెట్టు: ఈ నేల ఎవరిదో మర్చిపోకండి

1886లో రైలెక్కించిన చిరికావాలు జెరానిమో, ఆయన వెంట ఉన్న కొద్దిమందే కాదు. రిజర్వేషన్‌లో శాంతంగా ఉన్నవాళ్ళను, సైన్యానికే దారి చూపిన అపాచీ స్కౌట్లను కూడా పంపేశారు. ఫ్లోరిడా, అలబామా, ఓక్లహోమా. యుద్ధ ఖైదీలుగా 27 ఏళ్ళు. 1913లో వదిలినప్పుడు కొందరు న్యూమెక్సికోలోని మెస్కలేరో రిజర్వేషన్‌కు వెళ్ళారు, కొందరు ఓక్లహోమాలోనే ఉండిపోయారు. వాళ్ళ వారసులు ఇప్పుడూ ఉన్నారు. చట్టం ప్రకారం ఇలాంటి స్థలాల్లో పనులు చేసే ముందు ఫెడరల్ సంస్థలు తెగలతో సంప్రదించాలి. మనమూ మాట్లాడేటప్పుడు "ఒకప్పుడు అపాచీలు ఉండేవారట" అనకుండా ఉంటే చాలు.

చదివేటప్పుడు సైన్యం రిపోర్టుల్లో శత్రువుల చావుల లెక్కలు వస్తాయి. పారిపోయిన శత్రువుల శవాలను ఎవరూ నిలబడి లెక్కపెట్టలేదని గుర్తుంచుకుని చదవండి.

ఇక్కడితో రుచి పుట్టి మరో చోటికి వెళ్ళాలంటే, 1882 జూలై 17న సైన్యానికీ అపాచీలకూ బిగ్ డ్రై వాష్ పోరు జరిగిన చోటు మొగొయాన్ రిమ్ అనే ఎత్తైన కొండ అంచు మీద అడవిలో ఉంది. అది జాతీయ అటవీ భూమి. మరో పోరు జరిగిన సిబెక్యూ వైపు వెళ్ళాలంటే అది వైట్ మౌంటెన్ అపాచీల రిజర్వేషన్, తెగ నుంచి అనుమతి తీసుకోవాలి. ప్రైవేటు రాంచ్ అయితే యజమానిని అడగాలి. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే దాటాక మూసేయండి. ఆ పద్ధతి తప్పితే ఎవరి ఆవులో రోడ్డెక్కుతాయి, రెండోసారి మిమ్మల్ని ఎవరూ రానివ్వరు.

చివరగా, కారెక్కే ముందు

బూట్లు, సాక్సులు, ప్యాంటు అంచులు ట్రెయిల్‌హెడ్ దగ్గరే దులపండి. ఆఫ్రికా నుంచి తెచ్చి నాటిన లేమన్ లవ్‌గ్రాస్ అనే గడ్డి ఈ ప్రాంతమంతా అల్లుకుపోతోంది. దాని గింజలు ఆవగింజ కన్నా చిన్నవి, బట్టలకు అంటుకుని ఎంత దూరమైనా వస్తాయి. జేబులు కూడా ఒకసారి చూసుకోండి, ముఖ్యంగా పిల్లలవి. మా రెండో ప్రయాణంలో ఒక జేబులో మూడు గులకరాళ్ళు దొరికాయి. మళ్ళీ వెనక్కి నడిచి, తీసిన చోటే పెట్టించి వచ్చాం. అర మైలు అదనం.